దేవుని దయ కోరుకోవడం: మా పల్లె సంఘాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

దేవరకొండ వైపు ఒక పల్లె సంఘంలో ఇరవై ఏళ్లుగా సండే స్కూల్ చెప్తున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకునే చోట, శుక్రవారం ఉపవాసం విడిచి టీ గ్లాసులు కడిగే చోట అక్కలు, చెల్లెళ్లు, కాలేజీ పిల్లలు నన్ను అడిగిన ప్రశ్నలు ఇవి. పాస్టర్ గారిని అందరి ముందు అడగడానికి మొహమాటపడి నా దగ్గరికి వచ్చినవే ఎక్కువ. నాకు తెలిసినంతలో, బైబిలు తెరిచి పెట్టుకుని జవాబులు రాశాను.

దయ, కృప, కటాక్షం, ప్రసన్నత... ఇవన్నీ ఒకటేనా?

దాదాపు ఒకటే. ఒక్కో మాటకు ఒక్కో రుచి ఉంది, అంతే. నోవహు గురించి చెప్పేటప్పుడు మన బైబిలు "యెహోవా దృష్టియందు కృప పొందినవాడాయెను" అంటుంది. ఇక్కడ దృష్టి అన్న మాట చూడండి. ఎవరి వైపైనా ఇష్టంగా చూసినప్పుడు మన ముఖం మారుతుంది కదా. దేవుడు మనవైపు అలా చూడటమే దయ. కీర్తనల్లో దాన్నే ప్రసన్నత అన్నారు. కొత్త నిబంధనలో గబ్రియేలు దూత మరియమ్మను "దయాప్రాప్తురాలా" అని పిలిచాడు. క్యాథలిక్ ఇళ్లలో ఇదే మాటను "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అని రోజూ చెప్పుకుంటారు.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది రూతు గ్రంథంలోని కటాక్షం. విధవరాలు, పరాయి దేశపు మనిషి, చేతిలో ఏమీ లేదు. అత్తతో ఏమంటుందంటే, ఎవరి కటాక్షం దొరుకుతుందో వారి వెనక పొలంలో పరిగె ఏరుకుంటానని. పరిగె ఏరడం అంటే మా దగ్గర ఎవరికీ వివరించక్కర్లేదు. వరి కోసిన మళ్లలో రాలిన కంకులు ఏరి ఒడిలో వేసుకున్న చేతులు మా సంఘంలో ఇంకా ఉన్నాయి. దేవుని దయ అనే పెద్ద మాట ఆ గ్రంథంలో నేల మీద, కంకుల మధ్య మొదలైంది.

దేవుడు అందరినీ ప్రేమిస్తాడు కదా. మళ్లీ ప్రత్యేకంగా దయ కోరుకోవడం ఎందుకు?

ఈ ప్రశ్నకు మోషే దగ్గర జవాబు ఉంది. నిర్గమకాండం 33వ అధ్యాయం ఇంట్లో ఒకసారి మెల్లగా చదవండి. దేవుడు అతనికి అప్పటికే కటాక్షం చూపించాడు. అయినా మోషే మళ్లీ అడుగుతాడు. ఏం అడుగుతాడు? పశువులా, పొలమా? "నీ మార్గము నాకు తెలుపుము" అంటాడు. ఆయన సన్నిధి తోడు రాకపోతే ఇక్కడి నుంచి మమ్మల్ని తీసుకెళ్లొద్దు అని కూడా అంటాడు. దయ దొరికిన మనిషికి దయ చూపినవాడే కావాలనిపిస్తుంది.

రక్షణ మాత్రం అడిగి సంపాదించుకునేది కాదు. ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం స్పష్టంగా చెప్తుంది: కృపచేతనే, విశ్వాసము ద్వారా, అది దేవుని వరమే. ఆ వరం అందుకున్నవాళ్లు రోజూ ఆయన ముఖం చూడాలనుకోవడమే మనం దయ కోరడం అంటున్నది. బాంబేలో పని చేసే కొడుకు నెలనెలా డబ్బులు పంపుతున్నా తల్లి ఫోన్ కోసం చూస్తుంది. డబ్బులు అందుతున్నాయి కదా, ఫోన్ ఎందుకని ఆ తల్లిని ఎవరూ అడగరు.

దేవుని దగ్గర ఎలా అడగాలి? కాళ్లమీద పడి, ఏడ్చి బతిమాలితేనే వింటాడా?

ఈ ఒక్క జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది. మా ప్రాంతపు మనుషులకు ఇది అవసరం.

మా నాయినమ్మ దొర గడీ ముందు నుంచి చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన మనిషి. వెట్టి చేసిన ఇల్లు మాది. "బాంచన్ దొరా, కాల్మొక్త" అన్న మాట ఆమె నోట్లో ఎంతగా నిలిచిపోయిందంటే, ప్రభువును నమ్ముకున్న కొత్తలో ప్రార్థన కూడా "బాంచన్ ప్రభువా" అని మొదలుపెట్టేదట. మోకాళ్ల మీద ఉండి నుదురు నేలకు ఆనించి, తల ఎత్తేది కాదు. దయ అంటే ఆమెకు తెలిసింది దొర దయ. దొరకు మనసైతే జొన్నలు కొలిపిస్తాడు, మనసు మారితే అదే రోజు తరిమేస్తాడు. ఆయన మనసు ఎప్పుడెలా ఉంటుందో కనిపెట్టుకుని బతకడమే ఆమె చిన్నతనం.

నల్లగొండలో 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలు అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు సేవ మొదలుపెట్టారు. తర్వాత దేవరకొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వైపు సంఘాలు పుట్టాయి. ఆ సంఘాల్లోకి మొదట వచ్చినవాళ్లలో చాలామంది మా నాయినమ్మ లాంటివాళ్లే. ఊళ్లో చేదబావిని తాకనివ్వని మనుషులకు "పరలోకమందున్న మా తండ్రీ" అనే మాట నేర్పారు. తండ్రీ అని పిలవడం నేర్చుకోవడానికి ఆమెకు చాలా ఏళ్లు పట్టిందని మా నాయిన చెప్పేవాడు. నాకు గుర్తున్న నాయినమ్మ మాత్రం నులక మంచం మీద కూర్చుని, రెండు అరచేతులూ ఒళ్లో తెరిచిపెట్టుకుని, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు ప్రార్థన చేసేది. గొంతు పెంచేది కాదు.

123వ కీర్తనలో దాసుల కన్నులు యజమాని చేతివైపు చూసినట్టు మన కన్నులు దేవునివైపు చూస్తున్నాయి అని ఉంటుంది. ఇది దొర మాటే కదా అని ఒక పాప నన్ను అడిగింది. మంచి ప్రశ్న. కానీ ఆ కీర్తన చివరిదాకా చదవాలి. గర్విష్ఠుల తిరస్కారం మా మీదికి అధికంగా వచ్చింది, మమ్మల్ని కరుణించు అని వేడుకుంటున్నారు వాళ్లు. దొరల చేతుల్లో నలిగినవాళ్లే ఆ కీర్తన పాడారు. దొర చేయి వాళ్లకు తెలుసు. అందుకే ఇంకో చేతివైపు కళ్లెత్తారు.

కాబట్టి ఏడుపు వస్తే ఏడవండి, రాకపోతే తెచ్చుకోవద్దు. మోకాళ్లు నొప్పిగా ఉంటే కూర్చోండి. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో దేవుడు "ఎవనిని గద్దింపక అందరికిని ధారాళముగ" ఇచ్చేవాడని రాసి ఉంది. గద్దింపక అన్న మాట కింద గీత పెట్టుకోండి.

ఉపవాసం ఉంటే తొందరగా జవాబు వస్తుందా?

ఉపవాసం దేవుణ్ని తొందరపెట్టడానికి కాదు. మన ఆలోచనలు సగం అన్నం చుట్టూ, పని చుట్టూ తిరుగుతుంటాయి. ఒక పూట వాటిని పక్కన పెడితే మనసు ఒక చోట నిలుస్తుంది. యెషయా 58వ అధ్యాయంలో దేవుడు తనకు ఇష్టమైన ఉపవాసం ఏదో తానే చెప్పాడు: కాడిమాను విరగ్గొట్టడం, ఆకలిగొన్నవారికి నీ ఆహారం పెట్టడం. మీరు మానేసిన ఆ పూట అన్నం ఎవరికైనా చేరుతోందా చూసుకోండి.

షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, బీపీ గోళీలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండొద్దు. కళ్లు తిరిగి పడిపోతే అది భక్తి కాదు. దేవుడు మీ దగ్గర దాన్ని అడగలేదు.

కానుక ఎక్కువ ఇస్తే, అభిషేక తైలం కొనుక్కుంటే దయ పెరుగుతుందా?

పెరగదు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో గారడీవాడైన సీమోను పరిశుద్ధాత్మను ఇచ్చే అధికారం కొనుక్కోవాలని డబ్బులు తెచ్చి అపొస్తలుల ముందు పెట్టాడు. పేతురు అతనితో "నీ వెండి నీతోకూడ నశించును గాక" అన్నాడు. ఇంతకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు?

టీవీలో చూసి, వెయ్యి రూపాయలు విత్తనంగా వేస్తే లక్ష వస్తుందని నమ్మి, డ్వాక్రా లోన్ డబ్బులు పంపించిన అక్క ఒకామె నాకు తెలుసు. కిస్తీ కట్టలేక గ్రూపులో మాట పడింది. ఆమె భక్తిలో తప్పులేదు. ఆమె భక్తిని బేరంగా మార్చినవాళ్లది తప్పు. కానుక ఇవ్వండి, సంతోషంగా ఇవ్వండి, సంఘం నడవాలి కదా. కానీ అప్పు చేసి ఇవ్వొద్దు, పిల్లల ఫీజు ఆపి ఇవ్వొద్దు.

ఆదివారం సరే. సోమవారం నుంచి శనివారం వరకు దయ కోరుకోవడం అంటే ఏం చేయాలి?

పత్తి కాటా దగ్గరికి రండి, అక్కడ చెప్తాను.

సామెతలు 11వ అధ్యాయం మొదటి వచనం: "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము." ఆ చివర ఇష్టము అన్న చోట హెబ్రీలో ఉన్న మాట రాట్సోన్. కీర్తనల్లో దయ అని అనువదించిన మాట కూడా అదే. అంటే కాటా మీద పెట్టే సరైన గుండు మీద దేవుని దయగల చూపు ఉంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలాసేపు వేరే పని తోచలేదు.

మా దగ్గర చలికాలం మొదలయ్యేసరికి పత్తి ఏరుతారు. బరువు పెరగాలని రాత్రిపూట బోరాల మీద నీళ్లు చల్లేవాళ్లు ఉన్నారు. ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి ధర వస్తుంది, 12 శాతం దాటితే తీసుకోరు. ఇంటి దగ్గరికి వచ్చి కొనే దళారీ కాటాలో క్వింటాలుకు ఇన్ని కిలోలని తరుగు తీస్తాడు. వాడు అక్కడ మోసం చేస్తున్నాడు కాబట్టి నేను ఇక్కడ నీళ్లు చల్లుతున్నానని రైతు అంటాడు. ఇద్దరూ ఆదివారం ఒకే బెంచీ మీద కూర్చుంటే పరిస్థితి ఏమిటి? మా సంఘంలో ఒక పెద్దమనిషి కాటా పెట్టే పని చేస్తాడు. గుండ్ల కాటా రోజుల నుంచీ ఆయనకు ఒక అలవాటు ఉంది. తూకం వేసే ముందు ఖాళీ కాటా ఎత్తి, ముల్లు సున్నా దగ్గర ఆగే దాకా చేయి తీసేసి నిలబడతాడు. అందరికీ కనబడేలా. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా వచ్చినా మొదట సున్నా చూపించి, "చూసుకోండి" అని పక్కకు జరుగుతాడు. ఆయన ఆ క్షణంలో కళ్లు మూసుకోడు, పెదాలు కదపడు. కానీ అది ప్రార్థనే అని నేను నమ్ముతున్నాను.

ఇంకొకటి కూలి. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో, ఏనాటి కూలి ఆనాడు, సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలని ఉంది. కూలివాడు బీదవాడు, దాని మీద ఆశ పెట్టుకుని ఉంటాడని కారణం కూడా ఉంది. మనలో చాలామంది కూలికి పోయిన కుటుంబాలే, కాని ఇప్పుడు కొందరికి రెండెకరాలు వచ్చాయి, ఆటో వచ్చింది, చిన్న కాంట్రాక్టు పనులు వచ్చాయి. "వచ్చే వారం ఇస్తా" అన్న మాట మన నోట్లోకి ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి. పత్తి ఏరిన ఆడవాళ్లకు శనివారం డబ్బులు ఇవ్వకుండా ఆదివారం దేవుని దయ కోసం చేతులెత్తితే, యాకోబు పత్రిక 5వ అధ్యాయం ప్రకారం ఆ బిగపట్టిన కూలి కూడా అదే సమయంలో మొర పెడుతోంది. ముందు ఏ మొర వింటాడంటారు?

గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు హాల్‌టికెట్ మీద ప్రార్థన చేయించుకోవచ్చా?

చేయించుకోండి, తప్పేముంది. టెన్షన్ తగ్గుతుంది, మీ కోసం పదిమంది ప్రార్థన చేస్తున్నారన్న ధైర్యం వస్తుంది. కానీ దానియేలును గుర్తుపెట్టుకోండి. అధిపతి దృష్టికి అతనికి కృపాకటాక్షం కలిగేలా దేవుడు చేశాడు, నిజమే. అతను బబులోనులో మూడేళ్ల చదువూ చదివాడు. దేవుడు ఇచ్చిన తెలివి చదువులోనే కనబడింది.

ఉద్యోగం రాకపోతే దయ లేదని కాదు. వేలమంది రాస్తారు, కొందరికే వస్తుంది. ఎంపికైన వాళ్లనే దేవుడు ప్రేమిస్తే, ఆ లిస్టులో పేరు లేని మిగతావాళ్ల తల్లులు ఎవరికి మొర పెట్టుకోవాలి? లంచం ఇచ్చి తెచ్చుకున్న పోస్టుకు మాత్రం "దేవుడు దయ చూపించాడు" అని సాక్ష్యం చెప్పొద్దు. వినేవాళ్లలో డబ్బు లేక ఆగిపోయిన పిల్లవాడు ఉంటాడు.

బోరు పడలేదు, పంట ఎండింది, ఇంట్లో జబ్బు. దేవుని దయ మా ఇంటి మీద నుంచి పోయిందా?

ఇది అడిగేటప్పుడు ఎవరైనా గొంతు తగ్గిస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే అడిగాను.

మా నాయిన మూడు బోర్లు వేయించాడు. మూడోదానికి అమ్మ మెడలో పుస్తెలతాడు పోయింది. దుమ్ము వచ్చింది, నీళ్లు రాలేదు. ఆ నెలలోనే మా ఊరికి వచ్చిన ఒక ప్రసంగికుడు మా ఇంట్లో అన్నం తిని, చేయి కడుక్కుంటూ, ఈ ఇంట్లో దాచిన పాపం ఏదో ఉందని అన్నాడు. మా అమ్మ ఆ తర్వాత చాలా నెలలు, యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె పంచుకునే బల్ల ఆరాధనలో రొట్టె ముట్టలేదు. ఏ పాపమో తెలియక, అన్ని పాపాలూ తనవే అనుకుని. ఆయన తర్వాత ఆ మాట మరిచిపోయి ఉంటాడు. మా అమ్మ మరిచిపోలేదు.

ప్రతి కష్టం పాపం వల్ల వచ్చింది కాదన్న సంగతి నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్లకు నీళ్లలోనే అర్థమవుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు పసుపు పళ్లు, వంగిపోయిన కాళ్లు, లేవలేని నడుములు చూసి బయటివాళ్లు ఏమనేవాళ్లో తెలుసా? ఏ జన్మలో ఏం చేశారో అని. కారణం నేలలో ఉంది. గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ బావి నీళ్లలోకి, బోరు నీళ్లలోకి దిగింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు పాడవుతాయి, ఇంకా బాగా ఎక్కువైతే ఎముకలు దెబ్బతింటాయి. తల్లుల పాపం కాదు, పిల్లల పాపం కాదు. యోహాను 9వ అధ్యాయంలో శిష్యులు పుట్టుగుడ్డివాణ్ని చూపించి పాపం చేసింది వీడా, వీణ్ని కన్నవాళ్లా అని అడిగితే, వీడూ కాదు, వీణ్ని కన్నవాళ్లూ కాదని యేసు అన్నాడు. అక్కడితో ఆగలేదు, మట్టి తీసి కళ్లకు పూశాడు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సున్నం, పటికతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టారు. దానికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు నిలిచింది. 2016లో మొదలైన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. ఆ నల్లా నీళ్లను నేను దేవుని దయ అనే అంటాను. వాటి కోసం ఎన్నో ఏళ్లు ధర్నాలు చేసినవాళ్లు ఆ దయకు చేతులు, కాళ్లు అయ్యారు.

30వ కీర్తన "సాయంకాలమున ఏడ్పు వచ్చి, రాత్రి యుండినను" అంటుంది. ఏడుపు రాదని అనలేదు, వస్తుంది, రాత్రంతా ఉంటుంది అంది. పౌలు తన శరీరంలో ముల్లులా బాధపెడుతున్నదాన్ని తీయమని ప్రభువును మూడుసార్లు అడిగాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. ఆ మాటను ఎండిన చేను ముందు నిలబడిన రైతుకు ఎలా చెప్పాలో జాగ్రత్తగా ఆలోచించండి. మొదట పక్కన కూర్చోండి. అప్పు ఎంతుందో అడగండి. మనసు మరీ బరువుగా ఉండి చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ప్రార్థనతో సరిపెట్టకుండా వెంటనే ఇంటివాళ్లకు చెప్పి, దవాఖానకు తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు.

బాంబే, పుణె వలస పోయేవాళ్లం. సంఘం దూరమైతే దేవుని దయ కూడా దూరమవుతుందా?

యాకోబు ఇల్లు విడిచి పారిపోతూ రాయి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. లేచి "నిశ్చయముగా యెహోవా ఈ స్థలమందున్నాడు, అది నాకు తెలియకపోయెను" అన్నాడు. పాలమూరు వైపు కోస్గి, నారాయణపేటలో బస్సెక్కి పోయినవాళ్లు తాత్కాలిక రేకుల షెడ్డులో పడుకున్న మొదటి రాత్రి ఈ వచనం చదువుకోండి. అక్కడ తెలుగు ఆరాధనలు కూడా దొరుకుతాయి, అడిగితే ఎవరో ఒకరు చెప్తారు. వెళ్లే ముందు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు ఎంతో, పని ఎన్ని రోజులో కాగితం మీద రాయించుకోండి. ఇక్కడ ఉండేవాళ్లకు ఒక మాట: తాతల దగ్గర వదిలిన పిల్లలను ఆదివారం చేయి పట్టుకుని తీసుకురండి.

ఇంట్లో నేనొక్కదాన్నే ప్రభువును నమ్ముకున్నాను. అత్తింటివాళ్లు కోపంగా ఉన్నారు. ఏం చేయాలి?

నీ ఇంటి పని నువ్వు చెయ్యి చెల్లీ, అత్తమ్మకు జ్వరమొస్తే రాత్రి మేలుకో. వాళ్ల పూజను చులకన చేసి ఒక్క మాట కూడా అనొద్దు. వాళ్ల మనసు తిరగడం దేవుని పని, నీ పని కాదు. కొట్టడం, తిండి పెట్టకపోవడం లాంటివి జరిగితే మాత్రం ఓర్చుకోవడమే భక్తి అని ఎవరు చెప్పినా వినొద్దు. మీ అమ్మవాళ్లకు, కష్టాల్లో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి చెప్పు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి.

మనుషుల దయ కోరుకోవడం తప్పా? ఆఫీసరును, సర్పంచును బతిమాలుకుంటున్నాం కదా.

తప్పు కాదు. నెహెమ్యా రాజుకు ద్రాక్షారసం అందించే ఉద్యోగి. మొదట దేవుణ్ని అడిగాడు, తర్వాత రాజును సెలవు, కలప, పరిచయ పత్రాలు అన్నీ వివరంగా అడిగాడు. యేసు కూడా దేవుని దయలోను, మనుషుల దయలోను వర్ధిల్లాడని లూకా రాశాడు. మనుషుల దయ కోసం అబద్ధం ఆడాల్సి వస్తే అక్కడ ఆగండి.

పెద్ద తప్పు చేశాను. మళ్లీ ఆయన దయ అడిగే ముఖం నాకు ఉందా?

ముఖం లేనివాళ్ల కోసమే 51వ కీర్తన ఉంది. దావీదు చేసింది చిన్న తప్పు కాదు. ఒక మనిషి భార్యను తీసుకుని, ఆ మనిషిని చంపించాడు. ఎవరికి అన్యాయం చేశారో వారి దగ్గరికి వెళ్లండి, తీసుకున్నది తిరిగి ఇవ్వండి. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆలస్యం చేయొద్దు, రేపటికి సిగ్గు ఇంకా పెరుగుతుంది.

డిసెంబరు 31 రాత్రి తీసుకునే వాగ్దానం చీటీ నిజంగా దేవుడు నాకిచ్చిన మాటేనా?

చీటీలో రాసి ఉన్నది బైబిలు వచనం, దేవుని మాటే, అందులో అనుమానం లేదు. కానీ ఏ చీటీ వచ్చిందో దాన్ని బట్టి సంవత్సరం ఎలా ఉంటుందో లెక్క కట్టొద్దు. కొందరు మంచిది రాలేదని మడిచి మళ్లీ పళ్లెంలో వేసి ఇంకోటి తీస్తారు. అది జాతకం చూసుకోవడం లాగా అయిపోతుంది.

ఒక ఏడు, కాళ్లు ఫ్లోరైడుతో వంగిపోయిన ఒక ముసలమ్మ నా చేతికి చీటీ ఇచ్చి చదవమంది. 121వ కీర్తన వచ్చింది: "ఆయన నీ పాదము తొట్రిల్లనియ్యడు." నాకు చదవడానికి నోరు రాలేదు. కర్ర లేకుండా నాలుగడుగులు వేయలేని మనిషి ఆమె. ఆమె విని, చీటీ నా చేతిలోంచి తీసుకుని కొంగు చివర ముడేసుకుంది. "నేను దినాం పడుతనే ఉన్న బిడ్డా. పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు లేపుతనే ఉన్నరు. ఆయనే పంపుతడు" అంది. నేను చెప్పాల్సిన అర్థం ఆమె నాకు చెప్పింది.

పొద్దున్నే పనికి పోవాలి. పెద్ద ప్రార్థనకు టైం లేదు. ఏం అడగాలి?

90వ కీర్తన చివరి వచనం చాలు. "మా దేవుడైన యెహోవా ప్రసన్నత మామీద నుండును గాక, మా చేతిపనిని మాకు స్థిరపరచుము." పొయ్యి ముందు చెప్పుకోవచ్చు, ఆటోలో చెప్పుకోవచ్చు. కొడవలి, కుట్టు మిషను, టీచర్ చాక్‌పీసు, ఏది పట్టుకునే చేయి అయినా ఆ చేతిని చూసుకుంటూ చెప్పండి. పిల్లలు బడికి పోయేటప్పుడు తలమీద చేయి పెట్టి సంఖ్యాకాండం 6వ అధ్యాయంలోని దీవెన చెప్పండి: యెహోవా నీకు తన సన్నిధిని ప్రకాశింపజేసి నిన్ను కరుణించును గాక. అర నిమిషం పట్టదు.

సంఘంలో పిడికెడు బియ్యం ఎందుకు తీస్తాం? డబ్బు ఇస్తే సరిపోదా?

కొత్తగా పెళ్లై వచ్చిన ఒక అమ్మాయి మొన్న అడిగింది. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తాం. ఆదివారం స్త్రీల సమాజం వాళ్లు ఆ సంచులన్నీ చాప మీద పోస్తారు. సన్న బియ్యం, రేషన్ దొడ్డు బియ్యం, నూకలు అన్నీ కలిసిపోతాయి. ఎవరిది ఎంతో, ఏ రకమో ఎవరికీ తెలియదు. సేవకుల కుటుంబానికి కొంత పోతుంది, ఇంట్లో పొయ్యి వెలగనివాళ్లకు కొంత. వాళ్ల ఇంటికి చీకటి పడ్డాక తీసుకెళ్తాం, నలుగురి ముందు ఇవ్వం.

రూతు కథలో బోయజు తన పనివాళ్లకు ఇలాగే చెప్పాడు: ఆమె కోసం పిడికెళ్లు పడేసి ఆమె ఏరుకునేలా వదిలిపెట్టండి, "ఆమెను గద్దింపవద్దు" అని. రూతుకు ఆ సంగతి తెలిసి ఉండదు. తానే ఏరుకున్నానని అనుకుని ఉంటుంది. పొద్దు కుంకే దాకా ఏరి, దుల్లగొట్టి చూస్తే దాదాపు తూమెడు యవలు అయ్యాయి. ఇంటికి మోసుకుపోయి అత్త ముందు పోసింది.

ఆ అమ్మాయికి ఇది చదివి వినిపించాను. ఇంటికి పోయి వాళ్ల అత్తమ్మను ఖాళీ డబ్బా ఒకటి అడిగిందట. అత్తమ్మ ప్రభువును ఎరగని మనిషి. ఎందుకని అడిగి, విని, డబ్బా కడిగి తుడిచి ఇచ్చి, మొదటి పిడికెడు తానే వేసింది.